కుమిల్లాలో మన పిల్లలు ఎవరు?

మొన్న మా పక్కింటి అబ్బాయి కోసం నక్కలగుట్టలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు పెట్టిన సెమినార్‌కు వెళ్లాను. అబ్బాయి నీట్‌లో క్వాలిఫై అయ్యాడు గానీ ఇక్కడ సీటొచ్చే ర్యాంకు కాదు. వాళ్ల నాన్న "మీ మేనకోడలు బంగ్లాదేశ్‌ల చదివొచ్చింది గద సార్, మీరు పక్కనుంటే నాకు ధైర్యం" అంటే కాదనలేకపోయాను. హాలు నిండా తల్లిదండ్రులు. స్క్రీన్ మీద ఫీజుల పట్టిక, హాస్టల్ గదులు, ఇండియన్ మెస్‌లో ఇడ్లీ సాంబార్ ఫొటోలు వరసగా వస్తున్నాయి. మధ్యలో ఒక తల్లి లేచి, "అక్కడోళ్లు మన పిల్లల్ని ఎట్ల చూస్తరు సార్? టీవీల గొడవలు చూపెడుతున్నరు" అని అడిగింది. మైకు పట్టుకున్నాయన తడుముకోలేదు. "అమ్మా, అక్కడ ఇండియన్ స్టూడెంట్ అంటే వీఐపీ. మనం కట్టే ఫీజుల మీదనే ఆ కాలేజీలు నడుస్తున్నయి" అన్నాడు.

ఆ తల్లి కూర్చుంది. పక్కింటాయన నా వైపు చూసి తల ఊపాడు. నాకు మాత్రం ఆ మాట ఇంటికొచ్చేదాకా, వచ్చాక కూడా, లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఆమె అడిగింది చిన్న ప్రశ్న కాదు. పద్దెనిమిదేళ్ల బిడ్డను పొరుగు దేశం పంపే ఏ తల్లికైనా ఫీజు కంటే ముందు అదే అడగాలనిపిస్తుంది. దానికి "వీఐపీ" అని జవాబు చెప్పడం ఆ బిడ్డకు మనం చేసే మొదటి అన్యాయం అని నా నమ్మకం. మన పిల్లలు అక్కడికి వెళ్లేది వైద్యం నేర్చుకోవడానికి. వైద్యం ఎవరి మీద నేర్చుకుంటారు? మన వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో కాకతీయ మెడికల్ కాలేజీ పిల్లలు నాడి చూడటం నేర్చుకునేది ములుగు నుంచో, భూపాలపల్లి నుంచో బస్సెక్కి వచ్చిన పేదవాళ్ల చెయ్యి పట్టుకునే కదా. అక్కడా అంతే. బంగ్లాదేశ్‌లోని కుమిల్లా చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన మనుషులు, తమ భాష రాని పరాయి పిల్ల ముందు చొక్కా విప్పి, కడుపు నొక్కనిచ్చి, సూది గుచ్చనిచ్చి ఆమెను డాక్టర్‌ను చేస్తారు. ఫీజు కాలేజీకి కట్టాం. మంచం మీద పడుకున్న ఆ మనిషికి ఏం కట్టాం?

"ఈడ అందరూ మామలే"

మా అక్క బిడ్డ 2019 జనవరిలో కుమిల్లా వెళ్లింది. బావ పరకాల దగ్గరి ఎకరం అమ్మి మొదటి ఏడాది ఖర్చులు కట్టాడు. కుమిల్లా త్రిపుర సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు, ఢాకా నుంచి చిట్టగాంగ్ పోయే దారిలో వస్తుంది. వెళ్లిన వారానికి ఫోన్ చేసి, "మామా, ఈడ రిక్షా తొక్కేటాయన మామనే, చాయ్ అమ్మేటాయన మామనే. పొద్దుందాక నిన్ను పిలిచినట్టే ఉంది" అని నవ్వింది. హాస్టల్‌లో వంట చేసే ఆమెను ఖాలా, అంటే పిన్ని, అంటారట. ఆ మాట మన మండి బజార్‌లో వినేదే. చిన్నప్పటి నుంచి కాజీపేట దర్గా ఉర్సు చూసిన పిల్ల, రంజాన్ నెలలో హలీమ్ తిన్న పిల్ల. అక్కడి అజాన్ గానీ, ఇఫ్తార్ గానీ ఆమెకు వింతగా అనిపించలేదు.

ఇబ్బంది వేరే చోట వచ్చింది. ఆ కాలేజీలో మన దేశం పిల్లలకు హాస్టల్ వేరు, మెస్ వేరు. ఇక్కడికి తిరిగొచ్చాక రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ అనే పరీక్ష కోసం సాయంత్రం కోచింగ్ వేరు. అన్నీ ఒకే గోడ లోపల. గేటు బయట కుమిల్లా ఉంది, లోపల చిన్న ఇండియా ఉంది. తల్లిదండ్రులుగా మనం మెచ్చుకునేది ఆ గోడనే. నేనూ మెచ్చుకున్నాను, దాచడం ఎందుకు. ఇడ్లీ దొరుకుతుందంటే అక్క ఎంత సంతోషపడిందో నాకు గుర్తుంది. కానీ ఆరేళ్లు అక్కడ ఉండి, ఆ ఊళ్లో ఒక్క ఇంట్లో కూడా అన్నం తినకుండా తిరిగొచ్చిన పిల్లలు ఉన్నారని మా పిల్ల చెప్తే గుండె కలుక్కుమంది. బయటివాళ్లకు ఆ గోడ ఎట్లా కనిపిస్తుంది? వీళ్లకు మనతో పని లేదు, మన డిగ్రీతోనే పని ఉంది అన్నట్టే కనిపిస్తుంది.

రెండో సంగతి హిందీ. సీరియళ్ల వల్ల, సినిమాల వల్ల అక్కడ చాలామందికి హిందీ అర్థమవుతుంది. దాంతో మనవాళ్లు హిందీతో నెట్టుకొస్తారు. మా పిల్లా మొదట అదే చేసింది. మూడో ఏడాది వార్డులో ఒక ముసలాయన్ని ఏదో అడుగుతుంటే వెనక నుంచి ప్రొఫెసర్ వచ్చి, "ఏ భాషలో అడిగావు?" అన్నాడట. "హిందీలో సార్. ఆయనకు అర్థమైంది" అని చెప్పింది. "ఆయనకు అర్థమైంది సరే. ఆయన చెప్పింది నీకు అర్థమైందా?" అని ఆయన ముందుకు నడిచిపోయాడు. ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. మర్నాటి నుంచి ఖాలా దగ్గర కూర్చుని కూరగాయలు తరుగుతూ బంగ్లా నేర్చుకోవడం మొదలుపెట్టింది.

ఆ దేశంలో భాష మామూలు విషయం కాదు. అది పాకిస్తాన్‌లో భాగంగా ఉన్నప్పుడు ఉర్దూ ఒక్కటే రాజభాష అన్నందుకు 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థులు ప్రాణాలిచ్చారు. ఈరోజు ప్రపంచమంతా జరుపుకునే మాతృభాషా దినోత్సవం ఆ తారీకుదే. వరంగల్ వాళ్లకు ఇది ఎవరో విడమర్చి చెప్పాల్సిన పని లేదు. నిజాం కాలంలో మన తాతలు ఉర్దూ మీడియంలో చదువుకుని తెలుగు కోసం కొట్లాడారు. మడికొండలో పెరిగిన కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని మనం భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఫిబ్రవరి 21 తెల్లవారుజామున అక్కడివాళ్లు చెప్పుల్లేకుండా ఆ అమరుల స్తూపం షహీద్ మినార్‌కు నడిచిపోతారు. మా పిల్ల రెండుసార్లు వాళ్లతో నడిచింది. మన హాస్టల్ నుంచి ఇంకెవరూ రాలేదని చెప్పింది. సెలవు దినం కాబట్టి నిద్రపోయారు. వాళ్లను తప్పుపట్టను. ఆ రోజు ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పలేదు, మనం కూడా చెప్పి పంపలేదు.

నియామకాల గొడవ

2024 జులై వచ్చేసరికి ఆమె ఇంటర్న్‌షిప్‌లో ఉంది. 1971 స్వాతంత్ర్య యోధుల వారసులకు ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న 30 శాతం కోటాను జూన్‌లో అక్కడి హైకోర్టు మళ్లీ నిలబెట్టడంతో విద్యార్థులు రోడ్ల మీదికొచ్చారు. ఆమె బ్యాచ్ వాళ్లు కూడా కొందరు ఊరేగింపుల్లో ఉన్నారు. "మామా, ఇది మన కేయూ లెక్కనే ఉంది" అంది ఒకరోజు. కేయూ అంటే మన కాకతీయ యూనివర్సిటీ. నీళ్లు, నిధులు, నియామకాలు అని 2009 డిసెంబర్‌లో కేయూ పిల్లలు గొంతులు చించుకున్నప్పుడు ఆమె ఇంకా బడిలో ఉంది. నేను గేటు దగ్గర నిలబడి చూసినవాణ్ని. కాబట్టి ఆమె ఏం చెప్తోందో నాకు వెంటనే తెలిసింది. చదువుకున్నవాడికి ఉద్యోగం రాదన్న కోపం ఏ దేశంలోనైనా ఒకటే.

జులై 16న రంగ్‌పూర్‌లో అబూ సయీద్ అనే విద్యార్థి చేతులు చాచి నిలబడి ఉండగా పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. 18 రాత్రికి ఇంటర్నెట్ మొత్తం పోయింది. మా అక్క ఆ రెండు రోజులు మంచినీళ్లు కూడా సరిగ్గా తాగలేదు. వాట్సాప్‌లో ఒక్క టిక్ దగ్గరే మెసేజ్‌లు ఆగిపోయేవి. మూడో రోజు పొద్దున గుర్తుతెలియని నంబర్ నుంచి బావకు కాల్ వచ్చింది. అది మా పిల్ల క్లాస్‌మేట్ వాళ్ల నాన్న నంబర్. ఆయన హాస్టల్ దాకా నడిచొచ్చి, గేటు దగ్గర తన ఫోన్ ఇచ్చి మాట్లాడించాడు. బయట కర్ఫ్యూ. ఆ మర్నాడు మా పిల్ల అఖౌరా దగ్గర సరిహద్దు దాటి అగర్తలా చేరింది. అక్కడి నుంచి కలకత్తా, హైదరాబాద్. అప్పటికి బంగ్లాదేశ్‌లో మన విద్యార్థులు సుమారు 8,500 మంది ఉన్నారని విదేశాంగ శాఖ చెప్పింది. వాళ్లలో వేలమంది ఆ వారంలోనే తిరిగొచ్చారు.

వచ్చేముందు ఆ క్లాస్‌మేట్ ఆమె బ్యాగు సర్దుతూ ఒక మాట అందట. "నువ్వు పోవడానికి నీకొక దేశం ఉంది. మేమెక్కడికి పోవాలి?" కోపంగా అనలేదు, ఉన్నమాట అంది. మా పిల్లను అక్కడివాళ్లు ఎట్లా చూశారని ఎవరైనా అడిగితే ఈ మాటే ముందు చెప్తాను. అందులో ప్రేమ ఉంది, బాధ ఉంది, నువ్వు మాలో మనిషివి కావన్న సంగతీ ఉంది. నాన్నను ఫోన్ ఇచ్చి పంపిన పిల్లే ఆ మాటా అన్నది.

నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఆగస్టు 5న అక్కడి ప్రధాని షేక్ హసీనా పదవి వదిలి ఢిల్లీకి వచ్చేసింది. ఇక అక్కడి చూపు మారిపోయింది. ఆ నెలలోనే తూర్పు జిల్లాలు వరదలో మునిగాయి. గుమ్తీ నది గట్టు తెగి కుమిల్లా జిల్లాలో బురిచాంగ్ ప్రాంతం నీళ్ల పాలైంది. అదే నది మీద ఎగువన త్రిపురలో ఉన్న డుంబూర్ డ్యామ్ గేట్లు ఇండియా కావాలనే ఎత్తిందని ఊరూరా మాట పాకింది. మన విదేశాంగ శాఖ అది నిజం కాదంది. డ్యామ్ సరిహద్దుకు 120 కిలోమీటర్లకు పైగా ఎగువన ఉంది, భారీ వర్షాలే కారణం అని చెప్పింది.

మా పిల్ల సెప్టెంబర్‌లో ఇంటర్న్‌షిప్ పూర్తిచేయడానికి తిరిగి వెళ్లింది. ఖాలాది బురిచాంగ్ వైపు ఊరు. రెండు గదుల ఇల్లు కూలింది, నాలుగు మేకలు కొట్టుకుపోయాయి. అంతకుముందు ఈ పిల్ల కారం ఎక్కువ తింటుందని ఆలూ భర్తా (ఉడికించి మెదిపిన ఆలుగడ్డ) పక్కన రెండు ఎండు మిరపకాయలు నూనెలో వేయించి పెట్టేది. ఇప్పుడు పళ్లెంలో మిరపకాయలు లేవు, నోట మాట లేదు. నాలుగో రోజు గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరక్కుండానే, "తొమ్‌రా పాని ఛాడ్లా కేనో?" అంది. మీరు నీళ్లెందుకు వదిలారు అని.

మీరు. ఆ "మీరు"లో డ్యామ్ కట్టినవాళ్లు, గేట్ల దగ్గర ఉన్నవాళ్లు, ఢిల్లీ వాళ్లు అందరూ ఉన్నారు. వాళ్లందరి బదులు గిన్నె పట్టుకుని నిలబడింది పరకాల పిల్ల. ఫోన్ తీసి మన ప్రభుత్వం ఇచ్చిన వివరణ బంగ్లాలో చెప్పడానికి ప్రయత్నించింది. ఖాలా అంతా విని, "సరే. మరి నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?" అని అడిగింది. దానికి ఈమె దగ్గర జవాబు లేదు. నీళ్లు పైనుంచే వచ్చాయి, పైన ఉన్నది మనమే.

ఆ రాత్రి ఫోన్‌లో, "మనది తప్పు లేదు గద మామా, ఆమెకు ఎందుకు అర్థమైతలేదు?" అంది. నేను బాబ్లీ బ్యారేజీ గురించి చెప్పాను. మహారాష్ట్ర వాళ్లు గోదావరి మీద బాబ్లీ కట్టినప్పుడు నిజామాబాద్, కరీంనగర్ రైతులు ఎంత రగిలిపోయారో, చివరికి సుప్రీంకోర్టు జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలని చెప్పాల్సి వచ్చిందో చెప్పాను. అదే గోదావరి మీద మనం మేడిగడ్డ బ్యారేజీ కట్టాక, తమ చేలు మునుగుతున్నాయని అవతలి ఒడ్డున సిరోంచ రైతులు మనల్ని తిట్టుకుంటున్న సంగతీ చెప్పాను. దిగువన ఉన్నవాడికి లెక్కలు తర్వాత, ముందు భయం. ఇండియా, బంగ్లాదేశ్ మధ్య 54 నదులు పారుతున్నాయి. దాదాపు అన్నింట్లో వాళ్లు దిగువన ఉన్నారు. గంగ మీద మన ఫరక్కా బ్యారేజీ 1975 నుంచి ఉంది, తీస్తా నది నీళ్ల ఒప్పందం 2011లో చేతిదాకా వచ్చి ఆగిపోయింది. ఇవి మనకు పేపర్లో ఒక మూల వచ్చే వార్తలు. వాళ్లకు చాయ్ దుకాణంలో రోజూ నడిచే మాటలు.

ఇంకోటి కూడా ఆమె అక్కడే మొదటిసారి విన్నది. ఫెలానీ అనే పేరు. 2011 జనవరి 7న సరిహద్దు కంచె దాటుతూ మన బీఎస్‌ఎఫ్ కాల్పుల్లో చనిపోయిన పదిహేనేళ్ల పిల్ల. ఆమె శరీరం గంటల తరబడి ఆ ముళ్లకంచెకే వేలాడింది. ఆ దేశంలో ఆ పేరు తెలియని విద్యార్థి ఉండడు. నేను ముప్పై ఏళ్లు సోషల్ చెప్పిన టీచర్‌ను. ఆ పేరు నా మేనకోడలు చెప్తేనే తెలిసింది.

నాకున్న అనుమానాలు

భాష నేర్చుకుని, వాళ్ల చరిత్ర తెలుసుకుని, ఒద్దికగా ఉంటే అంతా బాగుంటుందని చెప్పగలనా? చెప్పలేను. ఆమె సీనియర్ ఒక కరీంనగర్ అబ్బాయి ఉండేవాడు. అతని బంగ్లా ఎంత బాగుంటుందంటే పేషెంట్లు చిట్టగాంగ్ వాడనుకునేవారు. రోజూ కూర్చునే చాయ్ దుకాణంలోనే ఆగస్టు తర్వాత నలుగురు కుర్రాళ్లు చుట్టూ చేరి, "మీ హసీనాను తీసుకుపోయారు గదా, నువ్వూ పో" అన్నారు. కొట్టలేదు గానీ అతను ఆ గాజు గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాడు. తర్వాత ఆ దుకాణానికి వెళ్లలేదు. భాష ఎవరికీ కవచం కాదు. గుంపు కోపంగా ఉన్నప్పుడు ఎదుటివాడు ఏ భాష మాట్లాడుతున్నాడో వినదు.

ఇంకో అనుమానం దీనికంటే పెద్దది. పద్దెనిమిదేళ్ల పిల్లల నెత్తిన ఒక దేశం బరువు పెట్టడం న్యాయమేనా? తీస్తా నీళ్లకు, సరిహద్దు కాల్పులకు, క్రికెట్‌లో ఒక నోబాల్‌కు వాళ్లెందుకు జవాబు చెప్పాలి? మా పిల్ల రూమ్మేట్ కశ్మీరీ. బంగ్లాదేశ్‌లో చదివే మనవాళ్లలో కశ్మీర్ పిల్లలు చాలామంది ఉంటారు. ఆమెను అడిగే ప్రశ్నలు వేరే, మా పిల్లను అడిగే ప్రశ్నలు వేరే. ఇద్దరి పాస్‌పోర్టూ ఒకటే. అనాటమీ పరీక్షకు చదువుకోవాల్సిన రాత్రి ఇద్దరూ ఎవరు ఎవరికి ఏమని చెప్పారో మాట్లాడుకుంటూ కూర్చునేవాళ్లట. ఇది అన్యాయమే, నేను కాదనను. ఆ ప్రశ్న అడిగేవాడు దాన్ని ఆ పిల్లను కాదు, ఢిల్లీని అడగాలి.

కానీ ఢిల్లీ అతనికి కనపడదు. ఈ పిల్ల కనపడుతుంది. ఆ సంగతి మనం ఎంత వద్దనుకున్నా మారదు. అందుకే వీఐపీ మాట నాకు అంత భయం వేస్తుంది. నువ్వు డబ్బు కట్టావు, నువ్వు ఎవరికీ ఏమీ బాకీ పడిలేవు అని చెప్పి పంపిన పిల్లవాడికి, మొదటిసారి ఎవరైనా కోపంగా చూసినప్పుడు రెండే దారులు కనిపిస్తాయి: భయపడి గోడ లోపలికి పోవడం, లేదా ఎదురు కోపం తెచ్చుకోవడం. తాను ఈ ఊరి పేషెంట్లకు రుణపడి ఉన్నానని తెలిసిన పిల్లకు మూడో దారి ఉంటుంది. మర్నాడు డ్యూటీకి వెళ్లి అదే ఊరి మనిషికి కట్టు కట్టవచ్చు. మా పిల్ల అదే చేసింది. ఆ వరదల తర్వాత కాళ్లకు పుండ్లతో, విరేచనాలతో వచ్చినవాళ్లే వార్డు నిండా ఉన్నారు. వాళ్లలో కొందరు ఇండియా అని విని ముఖం తిప్పుకున్నారు, కొందరు తిప్పుకోలేదు.

ఖాలా మళ్లీ మాట్లాడటానికి మూడు వారాలు పట్టింది. మనవాళ్లు తలా కొంత వేసుకుని ఇచ్చిన డబ్బు తీసుకుంది గానీ నవ్వలేదు. తర్వాత ఎప్పుడో ఒక మధ్యాహ్నం భర్తా పక్కన మిరపకాయ కనిపించింది. ఒకటే, రెండు కాదు. మా పిల్ల ఆ పళ్లెం ఫొటో తీసి నాకు పంపింది.

మన వీధిలో

అక్కడివాళ్లు మనల్ని ఎట్లా చూస్తారని అడిగే ముందు మన వీధిలోకి కూడా ఒకసారి చూడాలి. కాజీపేట స్టేషన్ దగ్గర ఆటోలో నా పక్కన ఒకసారి నేపాల్ అబ్బాయి కూర్చున్నాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు. డ్రైవర్ అద్దంలో చూసి "గూర్ఖానా?" అన్నాడు. మన దగ్గర నేపాల్ వాడంటే రాత్రి విజిల్ ఊదుకుంటూ తిరిగే గూర్ఖానే. అబ్బాయి చిన్నగా "స్టూడెంట్" అని కిటికీ వైపు తిరిగాడు. నేను ఏమీ అనలేదు. అనాల్సింది.

ఇక "బంగ్లాదేశీ" అన్న మాట. మన దగ్గర అది తిట్టు అయిపోయింది. పోయిన దసరాకు ఇంట్లో అందరం కూర్చున్నప్పుడు ఒక బంధువు ఎవరినో ఆ మాటతో తిట్టాడు. మా పిల్ల అన్నం ముందు నుంచి లేవకుండానే, "బాబాయ్, నేను ఆరేండ్లు వాళ్ల అన్నం తిన్న" అంది. ఎవరూ మాట్లాడలేదు. ఆ బంధువే తన షుగర్ మందులు మార్చాలా అని ఆమెనే అడిగి రాయించుకుపోయాడు.

ఫారిన్ ఎంబీబీఎస్ అని చులకనగా చూసేవాళ్లు మన ఊళ్లోనే ఎక్కువ. ఎఫ్‌ఎంజీఈలో 300 ప్రశ్నలకు 150 రావాలి, పాసయ్యేది తక్కువమంది. ఆమె రెండోసారి పాసైంది. మొదటిసారి ఫెయిలైనప్పుడు ఇక్కడ విన్న మాటలు కుమిల్లాలో విన్న మాటల కంటే ఎక్కువ గుచ్చుకున్నాయని అక్కతో చెప్పిందట.

పక్కింటి అబ్బాయి వెళ్లడం ఖాయమైంది. నేను వద్దనలేదు, వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. పోయిన ఆదివారం మా పిల్ల డ్యూటీ అయ్యాక వచ్చి వాళ్లింట్లో అతన్ని కూర్చోబెట్టుకుంది. అతను ల్యాప్‌టాప్ ఏది కొనాలి, హాస్టల్‌లో వైఫై ఎట్లా ఉంటుంది అని అడుగుతున్నాడు. ఆమె ఒక నోట్‌బుక్ తీసి మొదటి పేజీలో తెలుగు అక్షరాల్లో "కొథాయ్ బేథా?" అని రాసింది.

"నొప్పి ఎక్కడ అని. బేథా అంటే మన వ్యథనే. చెప్పు."

అతను చెప్పాడు. పలకడం తప్పు పోయింది.

"అట్ల కాదు. మెల్లగ. చెయ్యి ఈడ పెట్టి అడుగు," అని తన మోచెయ్యి చూపించింది. "గట్టిగ నొక్కకు. ఫస్ట్ అడుగు, వాళ్లు చెప్పినంక ముట్టుకో."